స్థావరధనము – జంగమధనము

ద్రవ్యమనగానే నాణెమును నోటును మనకు స్ఫురించుట సహజమే. కాని లోహమును కరగించి రాజముద్ర వేయు విద్య యెరుగని సమాజములును, ఎరిగియు అందుకు వలయు లోహము తమ నేలలో దొరకని సమాజములును, ఋణములు తీర్చుకొనుటకు, వివాహములలో కానుకలిచ్చుటకు, తగవులు మాన్పుకొనుటకు తమకు అందుబాటులో నున్న యేదో యొక వస్తువును ద్రవ్యముగా నంగీకరించి, దానితోనే శతాబ్దములపాటు నిరాటంకముగా వ్యవహారములు నడపుకొన్నవి. చుట్టును సముద్రమే ఎల్లయై, బయటి లోకపు టంకశాలలతో పొత్తులేక బ్రదికిన దీవులలో ఈ వైచిత్ర్యము మిక్కిలి హెచ్చుగా కానవచ్చును. శాంతాక్రూజ్ దీవులలో చిన్నపిట్టల యెఱ్ఱని యీకలతో కట్టిన పొడవైన చుట్టలు ధనము; సాలమన్ దీవులలోని మలైతాలో గవ్వపూసల పేరులును డాల్ఫిన్ పండ్లును ధనము; వనువాటులో వలయాకారముగా వంగిన పందికోరలును, ఫిజీలో తిమింగలపు దంతములును పెద్దల నడుమ చేతులు మారు గౌరవధనములు.

ఇట్టి విచిత్రధనములలో రెండింటి చరిత్రను పక్కపక్కన నుంచి చదువుట మిక్కిలి ప్రయోజనకరము. ఒకటి హిందూమహాసముద్రమునందలి మాల్దీవుల గవ్వ. రెండవది పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున నున్న యాప్ దీవి రాతిచక్రము. మొదటిది బొటనవ్రేలి గోరంత చిన్నది. పుట్టినచోట నిలువక ఓడలెక్కి ఖండాంతరములు తిరిగినది. రెండవది, దానిలో పెద్దవానిని చూచినచో, మనిషి నిలువును మించినది. దిగినచోటినుండి కదలకయే యజమానులను మార్చినది. గర్భగుడి విడువని మూలవిరాట్టును, వీథులలో నూరేగు ఉత్సవమూర్తియు ఒక్క దైవమునకే రెండు రూపములైనట్లు, ఈ స్థావరమును ఈ జంగమమును ద్రవ్యమను నొక్క భావమునకే రెండు రూపములు. వీనిలో ఏది యెందుచేత నిలిచినది, ఏది యెందుచేత నశించినది అను విచారము ఆర్థికశాస్త్రజ్ఞులకు మాత్రమే పరిమితమైనది కాదు.

భారతదేశపు దక్షిణాగ్రమునకు నైరృతి దిశయందు, ఉత్తరమునుండి దక్షిణమునకు పరచుకొనియున్న సుమారు 1,200 పగడపుదిబ్బల సముదాయమే మాల్దీవులు. అచటిది పలుచని యిసుకనేల, కొబ్బరి తప్ప సమృద్ధిగా పెరుగునది లేదు, వరి పండదు, లోహపుగనులు లేవు. కాని ఆ దిబ్బల నడుమ లోతు తక్కువయైన వెచ్చని నీటిలో, పసుపుచాయ గల తెల్లని చిన్నగవ్వ అపారముగా పెరుగును. అది అరుగదు, కుళ్లదు, సులభముగా పగులదు. ఒకదానికొకటి పరిమాణమున దాదాపు సమానము. లెక్కింపవచ్చును, తూచవచ్చును, కుంచముతో కొలువవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, దానికి నకిలీ చేయుట యెవరి తరమును కాదు. ద్రవ్యమునకు శాస్త్రజ్ఞులు చెప్పు లక్షణములలో పెక్కింటిని ప్రకృతియే సమకూర్చి, ఒడ్డున కుప్పవోసి, ఆ దీవులవారి చేతికిచ్చినదని చెప్పవలెను.

సులైమాను అను వర్తకుని పేర ప్రసిద్ధమైన 851వ సంవత్సరపు అరబ్బు వృత్తాంతమునందే ఈ దీవుల ధనము గవ్వలే యనియు, అచటి రాణి వానిని తన భాండాగారములలో నిలువచేయుననియు కలదు. పదవ శతాబ్దివాడైన మసూదీ మరికొంత వివరించుచు, బొక్కసము తరిగినపుడు రాణి యాజ్ఞచే జనులు ఆకులతో గూడిన కొబ్బరికొమ్మలను నరికి నీటిపై పరచుదురనియు, గవ్వపురుగులు వానిని పట్టుకొనగా ఒడ్డునకు లాగి యిసుకపై ఎండబెట్టుదురనియు, లోని జీవము నశించి పెంకు మాత్రము మిగిలిన పిమ్మట ధనాగారమునకు చేర్చుదురనియు వ్రాసెను. పన్నులు వసూలుచేసి బొక్కసము నింపుకొను రాజులను చరిత్ర పెక్కుమందిని చూపును గాని, సముద్రమున కొమ్మలు వేయించి ధనమును పట్టించిన రాణి కథ మరియొక చోట దొరకుట యరుదు.

1343లో మాల్దీవులు చేరి, అచట కొంతకాలము న్యాయాధికారిగా నుండిన ఇబన్ బతూతా ఈ గవ్వల లెక్కను సూక్ష్మముగా పరిశీలించి వ్రాసెను. నూరు గవ్వలకు ఒక పేరు, 700లకు మరియొక పేరు, 12,000లకు ‘కొత్త’, లక్షకు ‘బొస్తు’. నాలుగు బొస్తులకు, అనగా 4 లక్షల గవ్వలకు, ఒక బంగారు దీనారము వచ్చుచుండెను. వెల పడిపోయినపుడు ఇంకను ఎక్కువ పోయవలసియుండెను. ఆ మహాయాత్రికుడే దాదాపు పదేండ్ల పిమ్మట సహారా ఎడారిని దాటి పడమటి ఆఫ్రికాలోని మాలీ రాజ్యమునకు పోయి, నైజరు నదీతీరమున అదే గవ్వలను చూచెను. అచట 1,150 గవ్వలకే ఒక దీనారము. ఒక్కని కన్నులే యీ వ్యాపారపు రెండు కొనలను చూచుట చరిత్రకు దొరకిన యదృష్టము. పుట్టినచోట నాలుగు లక్షలు పోసినగాని రాని బంగారమును, వేల క్రోసుల దూరమున వేయిపైచిలుకు గవ్వలు తెచ్చుచుండె ననగా, గవ్వకు విలువ నిచ్చినది గవ్వ కాదు, నడుమనున్న దూరమే యని స్పష్టము.

1602లో మాల్దీవుల తీరమున ఓడ పగిలి, ఐదేండ్లు అచటనే చిక్కుకొనిపోయిన ఫ్రెంచివాడు ఫ్రాన్స్వా పిరార్ వ్రాసిన గ్రంథము ఈ విషయమున మరియొక నిధి. అమావాస్యకును పున్నమికిని ముందువెనుకల దినములలో స్త్రీలు మొలలోతు నీటిలో దిగి గవ్వల నేరుచుండిరనియు, 12,000 గవ్వలను ఒక్కొక్క కొబ్బరాకుబుట్టలో కట్టి, వర్తకులు వానిని మరల విప్పి లెక్కింపకయే చేతులు మార్చుకొనుచుండిరనియు అతడు చెప్పెను. ఇబన్ బతూతా చూచిన ‘కొత్త’యు పిరార్ చూచిన బుట్టయు ఒక్కటే సంఖ్య, నడుమ రెండున్నర శతాబ్దములు గడచినను ఆ మూట మారలేదు. మడచిన వెండితీగవలె నుండు ‘లారి’ అను నాణెము అప్పటికే ఆ దీవులలో చెల్లుచుండగా, ఒక బుట్టగవ్వలు ఒక లారికి సమానము. ఒక్క సంవత్సరమున, ఒక్క వంగదేశమునకే, గవ్వలతో నిండిన 30, 40 ఓడలు పోవుట అతడు కన్నులార చూచెను.

ఆ యోడలు తిరిగివచ్చునపుడు తెచ్చునది ముఖ్యముగా బియ్యము. మాల్దీవుల జనుల అన్నము గవ్వలమీద ఆధారపడియుండెను; వంగదేశపు పేదల చిల్లరబేరము మాల్దీవులమీద ఆధారపడియుండెను. గుప్పెడు ఉప్పునకో, రెండు తమలపాకులకో వెండినాణె మిచ్చుట సాధ్యము కాదు. రాగినాణెము సైతము ఆ బేరములకు పెద్దదే. అట్టిచోట గవ్వయే రాజు. అయిదవ శతాబ్ది ప్రారంభమున మధ్యదేశపు అంగళ్లను చూచిన చీనాయాత్రికుడు ఫాహియాను గవ్వలతో క్రయవిక్రయములు జరుగుట గమనించెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు తన లీలావతీ గణితమున ద్రవ్యమానములను చెప్పుచు గవ్వతోనే, అనగా వరాటకముతోనే, మొదలుపెట్టెను: 20 వరాటకములు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణము, 16 పణములు ఒక ద్రమ్మము, 16 ద్రమ్మములు ఒక నిష్కము. వంగదేశమున 4 గవ్వలు ఒక గండ, 20 గండలు ఒక పణము, 16 పణములు ఒక కహణము. అనగా కహణమునకు 1,280 గవ్వలు. రెండు లెక్కలలోను పణమునకు 80 గవ్వలే యగుట గమనింపదగినది. మన తెలుగుదేశమున పచ్చీసు పలకమీద పాచికగా దొర్లునదియు, చేత డబ్బులేనివాడు తనవద్ద లేదని చెప్పుకొనునదియు ఈ గవ్వజాతియే.

ఈ చిన్నగవ్వ పెద్ద ప్రభుత్వమునకు ఎంత భారమగునో సిల్హెట్ జిల్లాకు ఈస్టిండియా కంపెనీ పక్షమున 1778లో పోయిన రాబర్ట్ లిండ్సే యనుభవము చెప్పును. ఆ జిల్లా శిస్తు సాలునకు సుమారు రెండున్నర లక్షల రూపాయలు, వసూలగునది గవ్వలలో, రూపాయికి 5,120 గవ్వలు, అనగా నాలుగు కహణములు. ఆ లెక్కన శిస్తు మొత్తము నూరుకోట్ల గవ్వలకు మించును! వానిని నిలువచేయుటకు పెద్దపెద్ద గిడ్డంగులును, ఢాకాకు చేరవేయుటకు పడవల సముదాయమును వలసియుండెను. త్రోవలో నూటికి పదివంతులు నష్టమగుచుండెను. నేలపన్నును గవ్వలలో కట్టు రైతునకు మాత్రము ఇందు వింత యేమియు లేదు. అతడు అమ్మినదియు గవ్వలకే, కొన్నదియు గవ్వలతోనే.

ఆ సహజమైన వ్యవస్థను ఒక్క యుత్తరువుతో మార్చినచో నేమగునో ఉత్కళదేశము చూచినది. 1803లో మరాఠాలనుండి ఒరిస్సాను గైకొన్న కంపెనీవారు శిస్తును వెండిరూపాయలలో కోరిరి. రూపాయికి నాలుగు కహణములని ప్రభుత్వము లెక్కకట్టగా, రూపాయల కొరకు రైతులందరును ఒక్కసారిగా ఎగబడుటచే అంగడిలో ఆరేడు కహణములు పోసినగాని రూపాయి దొరకని దుస్థితి యేర్పడెను. పంట తగ్గలేదు, శిస్తు పేరునకు పెరుగలేదు; కాని రైతు చేతిలోని ధనము కరగిపోయెను. ఉప్పువెల పెరుగుట, పాయికులను స్థానిక సైనికుల యీనాములు పోవుట మున్నగు దుఃఖములకు ఇదియు తోడై, 1817లో బక్షీ జగబంధు నాయకత్వమున ఖుర్దా పాయికులు కత్తిపట్టిరి. చిల్లరద్రవ్యమును చిన్నచూపు చూచిన దొరతనము చెల్లించిన మూల్యమది.

ఈ జంగమధనము చేసిన దూరయాత్రలలో అతిదారుణమైనది ఆఫ్రికాయాత్ర. పదియేడవ శతాబ్దమునుండి డచ్చివారు సింహళమునుండియు, ఇంగ్లీషువారు వంగతీరమునుండియు ఓడల అడుగున బరువుగా గవ్వలను నింపి ఆమ్‌స్టర్‌డామునకును లండనునకును తెచ్చి, అచట వేలములలో అమ్ముచుండిరి. కొన్నవారు పడమటి ఆఫ్రికాతీరమున మనుషులను కొను వర్తకులు. ఆ తీరపు రాజ్యములలో 40 గవ్వల దండ యొక పేరు, 50 పేరులు ఒక తల, 10 తలలు ఒక సంచి, సంచికి 20,000. దహోమీ తీరపు ఉయిదా మొదలగు రేవులలో ఓడకెక్కింపబడిన దాసుల వెలలో గణనీయమైన భాగము గవ్వలరూపమున చెల్లింపబడెను. పదునెనిమిదవ శతాబ్దమున డచ్చి, ఇంగ్లీషు ఓడలు చేర్చిన గవ్వలు సుమారు వేయికోట్లని చరిత్రకారుల యంచనా. మాల్దీవుల స్త్రీలు వెన్నెలపోటులలో ఏరిన గవ్వకు తానెవరి స్వాతంత్ర్యమునకు వెలగట్టునో తెలియదు, ఏరినవారికిని తెలియదు. చేతులు మారుటలోనే సార్థక్యము గల ద్రవ్యము ఏ చేతులలోనుండి ఏ చేతులలోనికి పోవుచున్నదో యడుగదు. జంగమధనమునకు గల సౌలభ్యమును, అందు దాగిన క్రౌర్యమును ఇదియే.

1807లో బ్రిటిషు పార్లమెంటు దాసవ్యాపారమును నిషేధించినను గవ్వకు కాలము తీరలేదు. తాటినూనె బేరమునకు అది మరల పనికివచ్చెను. దానిని కూల్చినది మరియొక గవ్వయే. 1845 ప్రాంతమున హాంబర్గు వర్తకులు తూర్పు ఆఫ్రికాతీరమున, జాంజిబారు ప్రాంతమున, వీపుమీద పసుపువలయము గల వేరుజాతి గవ్వలు మిక్కిలి చౌకగా దొరకుట కనిపెట్టి, ఓడలకు ఓడలుగా పడమటితీరమునకు తెచ్చి పోసిరి. లాగోసు మొదలగు చోట్ల అవియు చెల్లినవి. చెల్లినకొలది వెల పడిపోయినది. పడిపోయినకొలది ఒక చిన్నబేరమునకు సైతము గవ్వలబస్తాలు మోయు కూలీలు కావలసివచ్చి, తుదకు మోతకూలి గవ్వల విలువను మ్రింగివేయు స్థితి యేర్పడెను. 1904లో నైజీరియాలో బ్రిటిషువారు గవ్వల దిగుమతిని నిషేధించునాటికి ఆ ధనము ప్రాణము పోయినట్లే యుండెను.

ఇక స్థావరధనపు కథ. యాప్ దీవి కరోలిన్ ద్వీపసముదాయములోనిది; నేడు మైక్రోనీషియా సమాఖ్యలో నొక రాష్ట్రము. దాని నేలలో సున్నపురాయి లేదు. నైరృతిగా సుమారు 450 కిలోమీటర్ల దూరమునందున్న పలౌ దీవుల గుహలలో మెరుపుగల సున్నపురాయి కలదు. అనగుమాంగు అను నొక నావికుడు తన తోడివారితో పలౌ చేరి, ఆ రాతిని మొదట చేప యాకారమునను, పిమ్మట నెలవంక యాకారమునను, తుదకు పున్నమిచంద్రుని యాకారమునను చెక్కించి, మోయుటకు వీలుగా నడుమ రంధ్రము చేయించెనని యాప్ జనుల పురాణగాథ. ఆ రంధ్రములో దూలమును దూర్చి మనుషులు భుజములకెత్తుకొనవలెను. అరచేతిలో నిముడు చక్రములు కలవు. మూడున్నర మీటర్ల వెడల్పును నాలుగు టన్నుల బరువును గల మహాచక్రములును కలవు.

ఇనుము రాకపూర్వము శంఖపు పనిముట్లతో రాయి తొలచుట, పలౌ నాయకులకు కాయకష్టము చేసియో కానుకలిచ్చియో గని త్రవ్వుట కనుజ్ఞ పొందుట, పిమ్మట చక్రమును పడవలమీదనో వెదురుతెప్పలమీదనో నిలిపి గాలివానల నడుమ తెరచాపల బలమున ఇంటికి తెచ్చుట. ఇంత ప్రయాస ఆ రాతివెనుక కలదు. కావుననే దాని విలువ కేవలము పరిమాణముచే నిర్ణయింపబడదు. ఎవరు చెక్కించిరి, ఏ నాయకుడు తెప్పించెను, త్రోవలో నెందరు ప్రాణములు విడిచిరి, పనితనమెట్టిది, ఎవరెవరి చేతులు మారినది. ఈ వృత్తాంతమంతయు ఊరి పెద్దల నోట నుండును. కొన్ని రాళ్లకు మనుషులకువలె పేరులు కలవు. చిన్నదైనను గొప్పకథ గల రాయి, కథలేని పెద్దరాతికంటె విలువైనది.

ఈ రాతితో ఎవరును చేపలు కొనరు, కొబ్బరికాయలు కొనరు. ముత్యపుచిప్పలు, గవ్వహారములు, నేతచాపలు, పసుపు మున్నగునవి తక్కిన ఇచ్చిపుచ్చుకోళ్లకు కలవు. రాతిచక్రము భూమి చేతులు మారునపుడును, వివాహములయందును, ఊళ్లకును ఊళ్లకును సంధి కుదురునపుడును, యుద్ధమున చచ్చినవారి దేహమును విడిపించుకొనునపుడును వెలుపలికి వచ్చును. వెలుపలికి వచ్చుట యనగా మాటలోనికి వచ్చుటయే. రాయి మాత్రము దారిప్రక్కనో, సభామందిరపు ముంగిటనో, నృత్యవేదిక యొద్దనో నిలిచినచోటనే యుండును. ‘ఇది నేటినుండి వారిది’ అని పెద్దల యెదుట ఒప్పుకొనుటయే చెల్లింపు. పత్రము లేదు, ముద్ర లేదు, సాక్షులే దస్తావేజు.

1903లో యాప్ దీవిలో కొన్నినెలలు గడపి, 1910లో గ్రంథము ప్రకటించిన అమెరికావాడు విలియం హెన్రీ ఫర్నెస్ ఇట్టి విశ్వాసపు పరాకాష్ఠను వినెను. ఒక కుటుంబము గొప్ప ధనికమని అందరును ఒప్పుకొందురు. కాని వారి మహాశిల నెవ్వరును చూచినవారు లేరు. రెండుమూడు తరముల క్రిందట పలౌనుండి తెచ్చునపుడు తుపానులో త్రాళ్లు కోసివేయవలసివచ్చి, అది సముద్రగర్భమున పడిపోయెను. తిరిగివచ్చినవారందరును దాని పరిమాణమునకును పనితనమునకును సాక్ష్యమిచ్చి, యజమాని తప్పేమియు లేదనిరి. కనుక అది నీటియడుగున నున్నను ఇంటిగోడకు చేర్చియున్నట్లే దాని కొనుగోలుశక్తి చెక్కు చెదరలేదు.

ఈ విశ్వాసమునకు రెండు పరీక్షలు వచ్చినవి. మొదటిది డేవిడ్ ఓకీఫ్ అను ఐరిష్-అమెరికను నావికునివలన. 1871లో ఓడ పగిలి యాప్ చేరిన యితడు, ఆ జనులు వస్త్రములకును ఆభరణములకును లొంగి కొబ్బరికురిడీ చేసియీయరని గ్రహించి, వారిని తన ఓడలమీద పలౌకు తీసికొనిపోయి, ఇనుపపనిముట్లు ఇచ్చి, చెక్కిన చక్రములను తెచ్చిపెట్టి, అందుకు ప్రతిఫలముగా కురిడీని, సముద్రపుదోసకాయలను గైకొని శ్రీమంతుడయ్యెను. 1901లో సముద్రమునందే అదృశ్యుడయ్యెను. అతనివలన పెద్దరాళ్లు పెక్కు వచ్చినవి. గవ్వల కథయందువలె ఇచటను ధనము వరదవలె ముంచెత్తెను. కాని ఫలితము వేరు. ఓకీఫ్ ఓడలో సుఖముగా వచ్చిన రాయి యేది, ప్రాణములొడ్డి తెప్పమీద తెచ్చిన రాయి యేది అని ప్రతివానికిని తెలియును; కొత్తరాళ్ల వెల తగ్గినది, పాతరాళ్ల మర్యాద నిలిచినది.

రెండవ పరీక్ష ప్రభుత్వమువలన. 1899లో స్పెయిను నుండి ఈ దీవులను కొనిన జర్మనులు త్రోవలు బాగుచేయుడని ఊరిపెద్దల కాజ్ఞాపింపగా, వట్టికాళ్లతో నడచు జనులు ఆ గతుకురాళ్లబాటలే తమకు చాలునని ఊరకుండిరి. జుల్మానా వసూలుచేయుటెట్లు? రాళ్లను మోసికొనిపోవుట యసాధ్యము. తుదకొక యధికారి నల్లరంగుతో విలువైన రాళ్లమీద ప్రభుత్వపు హక్కునకు గుర్తుగా అడ్డగీతలు గీయించెను. తోడనే జనులు నిరుపేదలైనట్లు భావించి, త్రోవలన్నింటిని చక్కబరచిరి. గీతలు చెరిపివేయగా మరల ధనికులైరి.

ఇది విని నవ్వుకొనుట సులభము. కాని 1932–33లో ఫ్రాన్సు బ్యాంకు తన డాలర్లను బంగారముగా మార్చుడని కోరగా, న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకువారు ఆ బంగారమును ఓడలకెక్కింపక, తమ నేలమాళిగలోనే వేరు అరలలో నుంచి ఫ్రాన్సుదని గుర్తువేసిరి. ఆ గుర్తుకే విపణులు కలతచెందినవి. యాప్ గీతకును ఈ గుర్తునకును భేదమేమని ఆర్థికశాస్త్రజ్ఞుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1991లో వ్రాసిన వ్యాసమున ప్రశ్నించెను. నేడు మన బ్యాంకుఖాతాలో ఒక యంకె తగ్గి మరియొకరి ఖాతాలో పెరుగుటయు పెద్దల యెదుట చెప్పిన మాటవంటిదే. సాక్షులు మారిరి, సాక్ష్యము మారలేదు.

జర్మనుల తరువాత 1914లో జపానువారు వచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెక్కురాళ్లు త్రోవలకును కట్టడములకును పగులగొట్టబడెను. పిమ్మట అమెరికాపాలన వచ్చి డాలరు చెల్లుబడి యయ్యెను. నేడు యాప్ అంగడిలో బియ్యము కొనుటకు డాలరే కావలెను. అయినను వివాహమునందో, భూమి విషయముననో, కుటుంబముల నడుమ తప్పు దిద్దుకొనునపుడో రాతిచక్రము నేటికిని యజమానిని మార్చుచున్నది. మాల్దీవుల గవ్వ మాత్రము ఆటవస్తువును అలంకారమును అయిపోయినది.

ఈ భేదమునకు కారణము రాతి గట్టిదనము కాదు, గవ్వ చిన్నదనము కాదు. గవ్వ విలువ నిర్ణయించినది దానిని ఏరినవారు కాదు. వంగదేశపు అంగడి, ఆఫ్రికా రేవు, లండను వేలము, కంపెనీ కచేరి. వారు వలదన్ననాడు అది ఉత్తపెంకు. పైగా గవ్వకు పేరు లేదు. జాంజిబారునుండి వచ్చినది గంపలో కలసినచో, దేనివెనుక నెంత శ్రమ కలదో చెప్పువారు లేరు. యాప్ రాతికి విలువనిచ్చినది ఆ యూరి జ్ఞాపకమే కనుక, నావికుడు చౌకచేయజాలకపోయెను, ప్రభుత్వములు రద్దుచేయజాలకపోయెను. జ్ఞాపకముతో నడచు ద్రవ్యము ఒక దీవిని దాటి పోలేదనుటయు నిజమే. అపరిచితుల నడుమ బేరము సాగవలెనన్న పేరులేని గవ్వయే కావలెను. లోకమునకు రెండును వలసినవి. కాని పరుల యక్కరమీద నిలిచిన ధనము ఆ యక్కర తీరునంతవరకే ధనము. తనవారి నమ్మకముమీద నిలిచినది, ఆ జనులున్నంతకాలము ధనము.